వంటగట్టుకి, బార్ కౌంటర్‌కి స్టూల్ ఎత్తు ఎంత ఉండాలి?

కొర్లగుంట_కొత్తిల్లు:
తిరుపతిలో ఇల్లు కడతా ఉన్నాం, ఇంకా టైల్స్ వేయలేదు. వంటగట్టు 34 అంగుళాలు. హాలు వైపు గ్రానైట్ కొంచెం బయటికి లాగి మూడు స్టూళ్లు వేయాలని ఉంది. మిద్దె మీద 42 అంగుళాల బార్ కౌంటర్ కూడా వస్తుంది. షాపుల్లో 26, 30 స్టూళ్లే చూపిస్తున్నారు. ఏవి తీసుకోవాలి? ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఉన్నారు.

చిత్తూరు_వడ్రంగం:
వంటగట్టుకి ఆ రెండూ వద్దన్నా. ముందు గ్రానైట్ అడుగు నుంచి సీటు పైభాగం దాకా టేపు పెట్టండి. ఆ సందు 10 నుంచి 12 అంగుళాలు ఉండాలి. 34 అంగుళాల గట్టుకి అంచు డబుల్ మౌల్డింగ్ (అంచు కింద ఇంకో రాతి పట్టీ అతికించడం) చేయిస్తే రాయి మందమే ఒకటిన్నర పోతుంది. మిగిలేది ముప్ఫై రెండున్నర. 26 స్టూల్ వేస్తే సందు ఆరున్నరే, తొడలు రాయికి ఒరుసుకుంటాయి. మీకు కావాల్సిన సీటు 21 లేదా 22. రెడీమేడ్ 24, 26 సైజులు 36 అంగుళాల కౌంటర్లకని చేసినవి, మన గట్లేమో ఎక్కువగా 32–34 లోనే ఉంటాయి.

మిద్దె మీది 42 కౌంటర్‌కి 30 స్టూల్ చక్కగా సరిపోతుంది.

గ్రీమ్స్‌పేట_మేస్త్రి:
ఆ 34 ఎక్కడి నుంచి కొలిచారు? టైల్స్ ఇంకా పడలేదంటున్నారు. సిమెంటు బెడ్డు, టైలు కలిసి రెండు, రెండున్నర అంగుళాలు తినేస్తాయి. అప్పుడు గట్టు 32 కూడా ఉండదు, సీటు 20కి దిగుతుంది. టైల్స్ పూర్తయ్యాక కొలిచి అప్పుడే స్టూళ్లు కొనండి.

చిత్తూరు_వడ్రంగం:
నిజమే, ముందు అది తేలాలి. 24 అంగుళాల టేకు స్టూల్ దొరికితే కాళ్లు కోయించుకోవచ్చు. కాళ్లు బయటికి వాలి ఉంటే, కాలికి అడ్డంగా తిన్నగా కోస్తే అంచు మీదే నిలబడి ఊగుతుంది. సమంగా ఉన్న గ్రానైట్ బండ మీద స్టూల్ నిలబెట్టండి. తగ్గించాల్సినంత మందం చెక్కముక్క పక్కన పెట్టి, దానిపై పెన్సిల్ ఆనించి నాలుగు కాళ్ల చుట్టూ గీయండి. కోత ఆ గీత వెంటే పోవాలి. ఇనుప పైపు కాళ్లయితే కోశాక రబ్బరు బుష్ తప్పనిసరి, లేకుంటే టైలు గీసుకుపోతుంది. కాళ్లు ఆనించే కడ్డీ సీటుకి 16–18 అంగుళాల కింద ఉండాలి. కింద కోసినా ఆ దూరం మారదు, కానీ కడ్డీ నేలకి మరీ దగ్గరైతే ఊడ్చడం కష్టం.

రేణిగుంట_గ్రానైట్:
ఎత్తు ఒక్కటే చూసుకుంటే చాలదండీ, మోకాళ్లు ఎక్కడ పెడతారు? 36 అంగుళాల లోపు గట్టుకి రాయి 15 అంగుళాలు బయటికి రావాలి, 42 కౌంటర్‌కి 12 చాలు. కుప్పం గ్రీన్ అయినా సరే, 20 ఎంఎం రాయి ఆధారం లేకుండా ఆరు అంగుళాలు దాటితే నమ్మొద్దు. ఎవరైనా మోచేతులు ఆనించి లేచేటప్పుడు సింకు కోత మూల నుంచే పగులుతుంది. ఆధారానికి గోడకి బ్రాకెట్లు బిగిద్దామంటే, నాలుగంగుళాల ఇటుక గోడకి యాంకర్ బోల్టులు గట్టిగా పట్టవు. గోడ మీద, రాయి కింద ఇనుప ఫ్లాట్ పరిచి వెనక్కి కూడా లాగండి, రెండడుగులకి ఒకటి. స్టూల్ మధ్యకి రాకుండా రెండు స్టూళ్ల సందులో పడేట్టు చూడండి. ఒక్కో మనిషికి 24 అంగుళాల వెడల్పు. మూడు స్టూళ్లంటే ఆరడుగులు.

కట్టమంచి_ఇంటీరియర్:
పెద్దవాళ్లకి వంటగట్టు దగ్గరే కూర్చునే ఏర్పాటు చేయండి, 30 అంగుళాల స్టూల్ మీదకి ఎక్కించొద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఎక్కడం కంటే దిగడం కష్టం. వీపు ఆనేది, చేతులు పట్టుకునేది తీసుకోండి. చేతుల పట్టీ గ్రానైట్ కిందికి దూరుతుందో లేదో అక్కడే కొలవండి, దూరకపోతే స్టూల్ ఎప్పుడూ దారికి అడ్డంగా ఉంటుంది. కాలు మడిచి కూర్చునే అలవాటుంటే సందు 12కి తగ్గనీయకండి.

మెత్తటి ఫోమ్ సీటు కూర్చోగానే అంగుళం దాకా దిగుతుంది, అందుకే మనిషి కూర్చున్నాక కొలవాలి. గ్యాస్ లిఫ్ట్ స్టూల్ కొంటే పూర్తిగా దించినప్పుడు ఎంత ఎత్తో అడగండి. చాలావాటికి అది 24, మీ గట్టుకి అదీ ఎక్కువే.