అప్‌డేట్: జిగోంగ్‌లోని షీచిన్ వర్తక సంఘ భవనం చూసొచ్చాం

చైనాలో సిచువాన్‌కి వెళ్తున్నాం, జిగోంగ్‌లో ఉప్పు వర్తకుల పాత భవనం కోసం ఒక పూట కేటాయించడం దండగా అని అడిగాను కదా. వెళ్లమన్న అందరికీ థాంక్స్. దండగ కానే కాదు!

చైనాలోనే ఉన్న షాన్షీ ప్రావిన్స్ నుంచి వచ్చి ఉప్పు వ్యాపారంలో సంపాదించినవాళ్లు 1736లో మొదలుపెట్టి 1752కి పూర్తి చేశారట. పరాయి ఊళ్లో తమవాళ్లు కలుసుకోవడానికి, దేవుడిగా భావించే పాతకాలపు సేనాని గ్వాన్ యూని కొలుచుకోవడానికి కట్టుకున్నది. లోపలికి వెళ్లేది నాటక వేదిక కిందుగానే. ముంగిట్లోకి వచ్చి వెనక్కి తిరిగితే పైన ఆ వేదిక, రెక్కలు విప్పినట్టున్న చూరులు, బంగారు పూత వేసిన చెక్కడాలు. అక్కడే చాలాసేపు ఆగిపోయాం.

1959 నుంచి ఇది ఉప్పు చరిత్ర మ్యూజియం. బావులు తవ్విన ఇనుప పనిముట్లు, ఉప్పునీళ్లు పైకి తోడిన వెదురు గొట్టాలు దయచేసి హడావిడిగా దాటేయకండి. భవనం కట్టిన డబ్బు ఎక్కడిదో అక్కడే అర్థమవుతుంది.

టైముంటే అదే ఊళ్లోని షెన్‌హాయ్ అనే ఉప్పునీటి బావి కూడా చూడండి. 1835లోనే వెయ్యి మీటర్ల లోతు దాటింది, అదీ మనుషుల, పశువుల బలంతో. మ్యూజియం తర్వాత వెళ్తేనే బాగుంటుంది, పనిముట్లన్నీ గుర్తుపట్టగలం. నా సలహా అయితే రెండిటికీ కలిపి రోజంతా ఉంచుకోండి.