అప్‌డేట్: సాగర్ నీటిమట్టం లెక్క తేలింది

నాగార్జునసాగర్‌లో 550 అడుగుల నీళ్లున్నాయంటే లాంచీలో నాగార్జునకొండకి (జలాశయం మధ్యలో ఉన్న దీవి) వెళ్లడానికి సరిపోతాయా, వార్తల్లో ఆ అంకెని ఎలా చదవాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. తేలింది రాస్తున్నా.

550 అంటే లోతు కాదు, సముద్రమట్టం నుంచి ఎత్తు. పూర్తిమట్టం 590, కనీసమట్టం 510. అంటే చూడాల్సింది ఈ మధ్యనున్న 80 అడుగులే. 550 అంటే సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. నీళ్లు మాత్రం అలా సగానికి సగం ఉండవు: పైకెళ్లేకొద్దీ జలాశయం వెడల్పవుతుంది కాబట్టి 590 దగ్గర ఒక్క అడుగు పెరగాలంటే దాదాపు 3 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కావాలి.

నాకు బాగా పనికొచ్చింది ఇంకో లెక్క. రోజంతా 11,574 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు) వస్తే ఒక టీఎంసీ. ఇన్‌ఫ్లోలోంచి అవుట్‌ఫ్లో తీసేయండి. లక్ష మిగిలితే రోజుకి ఎనిమిదిన్నర టీఎంసీలు చేరినట్టే. వార్తల్లో "భారీ వరద" అన్న హెడ్డింగ్ కన్నా ఈ తీసివేతే నయం!

26 క్రస్ట్ గేట్లూ (డ్యామ్ పైభాగంలో వరద నీటిని వదిలే గేట్లు) ఎత్తారన్న ఫొటో వస్తే ఇక లెక్కలే అక్కర్లేదు. డ్యామ్ దాదాపు నిండినట్టే.

లాంచీ సంగతి మాత్రం అంకెల్ని బట్టి తేల్చుకోకుండా బయల్దేరే రోజు ఫోన్ చేసి కనుక్కోవడమే. గాలి ఎక్కువైనా ఆపేస్తారట. అన్నట్టు, కొండమీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, మేం శనివారం పెట్టుకున్నాం.