పాల సంఘం సభ్యుల టేబుల్‌లో డూప్లికేట్లు: ఖాళీ గడులున్న వరసల్ని ఏరెయ్యడం ఎలా?

రాజాం_క్వెరీ
డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 14. పాత ఎక్సెల్ షీట్లు, కొత్త యాప్ డేటా కలిపి ఎక్కించిన టేబుల్. ఒకే మనిషికి రెండు మూడు వరసలు పడ్డాయి. నమూనా (ఐడి, పేరు, తండ్రి, ఊరు, జిల్లా, ఫోన్, ఖాతా; నల్ అంటే విలువే లేని గడి):

1041 | పైడిరాజు | అప్పలస్వామి | రాజాం | శ్రీకాకుళం | నల్ | ఉంది
2207 | పైడిరాజు | అప్పలస్వామి | రాజాం | విజయనగరం | ఉంది | నల్
3390 | పైడిరాజు | నల్ | రాజాం | విజయనగరం | '' | నల్

సెలెక్ట్ డిస్టింక్ట్ పెట్టినా మూడూ వస్తున్నాయి. ఒక్క వరసే మిగలాలి, అందులో ఫోనూ ఖాతా రెండూ ఉండాలి.

బొబ్బిలి_వీణ
డిస్టింక్ట్ వరస మొత్తాన్ని పోలుస్తుందండి, ఒక్క గడి తేడా ఉన్నా రెండింటినీ ఉంచేస్తుంది. ముందు జిల్లా కాలమ్‌ని పోలికలోంచి తీసెయ్యండి. 2022 ఏప్రిల్ 4న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి మారాయి. అంతకుముందు షీటు, తర్వాతి షీటు కలిస్తే ఈ మండలాల వాళ్లంతా రెండేసి సార్లు కనిపిస్తారు.

రెండోది, 3390లో ఫోన్ నల్ కాదు, ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని టెక్స్ట్. ఎక్సెల్ నుంచి వచ్చినదాంట్లో ఇది మామూలే. అవి నల్‌గా మారడానికి అన్ని టెక్స్ట్ కాలమ్‌లకీ ఇది నడపండి:

అప్‌డేట్ సభ్యులు సెట్ ఫోన్ = నల్‌ఇఫ్(ట్రిమ్(ఫోన్), '');

నాగావళి_డేటా
పేర్లు తెలుగులో ఉంటే అంచుల స్పేసులు తీసే ట్రిమ్ ఒక్కటే సరిపోదు. 'శ్రీనివాస్' చివర కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరం కొన్ని కీబోర్డుల్లో పడుతుంది, కొన్నింట్లో పడదు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, పోలిస్తే సమానం కావు. లెంగ్త్(పేరు) చూస్తే ఒకటి తేడా బయటపడుతుంది. రీప్లేస్(పేరు, సీహెచ్ఆర్(8204), '') ఫలితాన్ని శుభ్రపేరు అని వేరే కాలమ్‌లో పెట్టండి, అసలు పేరు ముట్టుకోవద్దు. సింహాచలం, సిమ్హాచలం లాంటి రాత తేడాలు మాత్రం దీంతో పోవు, అవి కంటితోనే చూసుకోవాలి.

బొబ్బిలి_వీణ
ఇప్పుడు వరసలకి నంబర్లు:

రో_నంబర్() ఓవర్ (పార్టిషన్ బై శుభ్రపేరు, తండ్రి, ఊరు ఆర్డర్ బై నమ్_నాన్‌నల్స్(ఫోన్, ఖాతా) డెస్క్, ఐడి)

పార్టిషన్ బై ఈ గడులు ఒకేలా ఉన్న వరసల్ని ఒక గుంపు చేస్తుంది. నమ్_నాన్‌నల్స్ అంటే నిండిన గడుల లెక్క. ఎక్కువ నిండిన వరసకి 1 వస్తుంది. ఇక్కడే 1 కానివి డిలీట్ కొట్టెయ్యకండి. 1041, 2207 రెండింట్లోనూ నిండింది ఒక్కో గడే, కాబట్టి చిన్న ఐడి 1041 నిలుస్తుంది, 2207తో పాటు ఫోన్ నంబరూ పోతుంది. ముందు గుంపులవారీగా మ్యాక్స్(ఫోన్), మ్యాక్స్(ఖాతా) తీసి, నిలిచే వరసలో కోయలెస్‌తో (నల్ ఉన్నచోట వేరే విలువ ఇచ్చే ఫంక్షన్) ఖాళీలు నింపండి. మ్యాక్స్ నల్‌ని పట్టించుకోదు. కానీ గుంపులో రెండు వేర్వేరు ఖాతాలుంటే మాట్లాడకుండా పెద్దదాన్ని తీసుకుంటుంది. అందుకని హ్యావింగ్ కౌంట్(డిస్టింక్ట్ ఖాతా) > 1 పెట్టి, అలాంటి గుంపుల్ని ముందే పక్కకి తియ్యండి. డబ్బు జమయ్యే కాలమ్ అది.

చీపురుపల్లి_టేబుల్
3390లో తండ్రి పేరు నల్ ఉన్న సంగతి ఎవరూ చెప్పలేదు. ఇందులో అసలు ప్రమాదం అదే. నల్ = నల్ అని అడిగితే నిజం రాదు, కానీ గ్రూప్ బై, పార్టిషన్ బై మాత్రం నల్స్ అన్నింటినీ ఒకే గుంపులో వేస్తాయి. అంటే తండ్రి పేరు లేని రాజాం పైడిరాజులందరూ ఒక్క మనిషిగా లెక్కకొస్తారు. మన వైపు ఊరికి ఎంతమంది పైడిరాజులు, ఎంతమంది అప్పలనర్సమ్మలు! ఆ గుంపులో ఒకర్ని ఉంచి మిగతావాళ్లని తీసేస్తే వేరే మనుషుల సభ్యత్వాలు ఎగిరిపోతాయి. వేర్ తండ్రి ఈజ్ నాట్ నల్ అని పెట్టి, మిగిలినవి పరిశీలన టేబుల్‌లోకి పంపండి. అవి పుస్తకం చూసి తేల్చాల్సినవి, క్వెరీ తేల్చేవి కావు.

ఫోన్ నంబర్‌ని బట్టి గుంపు కట్టొద్దు. ఇంట్లో ముగ్గురు సభ్యులకి ఒకే ఫోన్ ఉంటుంది.

రాజాం_క్వెరీ
పాలు పొయ్యని సభ్యుల్ని చూద్దామని ఐడి నాట్ ఇన్ (సెలెక్ట్ సభ్యఐడి ఫ్రమ్ పాలసేకరణ) రాస్తే సున్నా వరసలొస్తున్నాయి. ఇదేటండి?

నాగావళి_డేటా
పాలసేకరణలో ఒక్క సభ్యఐడి నల్ ఉన్నా నాట్ ఇన్ ఏమీ ఇవ్వదు. నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి.

ఆ టేబుల్ ఉందని ఇప్పుడే చెప్పారు కాబట్టి ఇంకోటి. డిలీట్‌కి ముందు పాలసేకరణలో 2207 ఉన్నచోటల్లా 1041 వెయ్యాలి. లేకపోతే ఫారిన్ కీ (పాలసేకరణలోని ఐడి సభ్యుల టేబుల్‌లో ఉండి తీరాలనే నిబంధన) అడ్డుకుంటుంది. అక్కడ ఆన్ డిలీట్ క్యాస్కేడ్ పెట్టి ఉంటే ఇంకా దారుణం, 2207 మీద రాసిన పాల లెక్కంతా చెప్పాపెట్టకుండా పోతుంది. వరుస ఇది: సభ్యులు, పాలసేకరణ రెండింటికీ నకలు టేబుళ్లు, బిగిన్, ఖాళీలు నింపడం, ఐడి మార్చడం, డిలీట్. తర్వాత మొత్తం లీటర్లు ముందూ వెనకా ఒక్కటేనా అని సమ్ చూసి, సరిపోతేనే కమిట్ (మార్పులు ఖాయం). తేడా వస్తే రోల్‌బ్యాక్ (మార్పులన్నీ రద్దు).

చీపురుపల్లి_టేబుల్
డూప్లికేట్లు మళ్లీ చేరకుండా యూనిక్ (అవే విలువల్ని రెండోసారి రానివ్వని నిబంధన) పెడితే చాలనుకోకండి. పోస్ట్‌గ్రెస్ యూనిక్ తండ్రి నల్ ఉన్న వరసల్ని ఎన్నైనా రానిస్తుంది. వెర్షన్ 15లో నల్స్‌ని ఒకదానికొకటి సమానంగా చూసే నల్స్ నాట్ డిస్టింక్ట్ ఉంది కానీ, అది పెడితే తండ్రి పేరు లేని రెండో పైడిరాజుని, అతను నిజంగా వేరే మనిషైనా, చేరనివ్వదు. దానికంటే చెక్ (తండ్రి ఈజ్ నాట్ నల్ అండ్ తండ్రి <> '') నాట్ వ్యాలిడ్ అని పెట్టండి. పాత వరసలు అలాగే ఉంటాయి, కొత్తగా ఎక్కించేటప్పుడు మాత్రం తండ్రి పేరు అడుగుతుంది. పాత వరసని అప్‌డేట్ చేసినా ఇదే చెక్ తగులుతుంది, కాబట్టి పరిశీలన జాబితా పూర్తయ్యాక పెట్టండి.