నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ పాస్‌వర్డ్ మార్చి టీవీలన్నీ మళ్లీ లాగిన్ చెయ్యాలి: ఏది ముందు, ఏది తర్వాత? (వైజాగ్)

సీతమ్మధార_530013:
తెలియని చోటు నుంచి లాగిన్ అయినట్టు నెట్‌ఫ్లిక్స్ పేరుతో మెయిల్ వచ్చింది. ప్రైమ్‌కి కూడా అదే పాస్‌వర్డు, కాబట్టి రెండూ మార్చాలి. టీవీలు రెండు, ఫోన్లు మూడు, ఫైర్ స్టిక్ (టీవీకి తగిలించే అమెజాన్ పరికరం) ఒకటి. రెండో టీవీ గోపాలపట్నంలో అమ్మావాళ్లింట్లో ఉంది. అక్కడ రిమోట్‌తో టైప్ చెయ్యగలిగేవాళ్లు లేరు. ఏ వరసలో చేస్తే ఒక్కసారితో పని అయిపోతుంది?

ఉక్కునగరం_సెక్టార్6:
ఆ మెయిల్‌లో ఉన్న లింకు నొక్కకండి. మెయిల్ అసలుదైనా సరే, బ్రౌజర్‌లో సైటు పేరు మీరే టైప్ చేసి లోపలికి వెళ్లండి.

తర్వాత, నెట్‌ఫ్లిక్స్ కంటే ముందు మెయిల్ సంగతి చూడాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. పాస్‌వర్డ్ మార్చే లింకు వచ్చేది మెయిల్‌కే కదా, ఆ మెయిల్ ఇంకొకరి చేతిలో ఉంటే మీరు మార్చిన ప్రతిసారీ వాళ్లు మళ్లీ మార్చేస్తారు. జీమెయిల్ అయితే సెక్యూరిటీ పేజీలో ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూసి, తెలియనివి తీసెయ్యండి. పాస్‌వర్డ్ మార్చి రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కూడా ఖాయం చేసుకోవడం) పెట్టండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా తప్పకుండా చూడాలి. మీకొచ్చే మెయిళ్లు వేరే అడ్రసుకి వెళ్లేలా ఎవరైనా పెట్టి ఉంటే, పాస్‌వర్డ్ మార్చినా ఆ దారి అలాగే తెరిచి ఉంటుంది.

అది అయ్యాక నెట్‌ఫ్లిక్స్‌లో అకౌంట్, సెక్యూరిటీ, పాస్‌వర్డ్. కొత్తది కొట్టేటప్పుడు కింద అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ చెయ్యాలా అని అడిగే గడి ఉంటుంది. దానికి టిక్ ఉందో లేదో చూసి మరీ సేవ్ చెయ్యండి. టిక్ లేకపోతే లోపల కూర్చున్నవాళ్లు లోపలే ఉంటారు. పాత పాస్‌వర్డే గుర్తులేకపోతే లాగిన్ హెల్ప్ పేజీలో మెయిల్ గానీ ఎస్సెమ్మెస్ గానీ ఎంచుకోండి. మెయిల్ లింకు 24 గంటలు పనిచేస్తుంది, ఎస్సెమ్మెస్ కోడ్ 20 నిమిషాలే.

పెందుర్తి_కేబుల్:
పైన చెప్పింది నెట్‌ఫ్లిక్స్‌కి సరిపోతుంది. ప్రైమ్ తీరు వేరు. అమెజాన్ పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన టీవీల్లోంచి అకౌంటు పోయిందనుకోకండి. అక్కడ పరికరాలు విడిగా రిజిస్టర్ అయి ఉంటాయి. ప్రైమ్ వీడియో సైటులో సెట్టింగ్స్, అందులో 'యువర్ డివైసెస్' తెరిచి, మీవి కానివాటిని ఒక్కొక్కటిగా డీరిజిస్టర్ చెయ్యాలి, అంటే అకౌంటులోంచి తీసెయ్యాలి. పాత టీవీ అమ్మేసినవాళ్లకి ఆ టీవీ కూడా అందులోనే కనిపిస్తుంది. 2025 జనవరి నుంచి ప్రైమ్‌లో మొత్తం 5 పరికరాలు, వాటిలో టీవీలు రెండే. పాతవి తియ్యకపోతే కొత్త టీవీలో లిమిట్ దాటింది అని వస్తుంది. జనం అది చూసి పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని మళ్లీ మార్చుకుంటూ ఉంటారు.

మద్దిలపాలెం_జంక్షన్:
ఇంత తంటా ఎందుకండీ, టీవీలన్నీ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తే పోయె.

పెందుర్తి_కేబుల్:
వద్దండి. మీ టీవీ రీసెట్ చేస్తే అవతలవాడి టీవీ బయటికి రాదు. సైన్ అవుట్ జరగాల్సింది అకౌంటులో. పైగా వైఫై, ఛానళ్ల ట్యూనింగ్, యాప్‌లు అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. రీసెట్ చెయ్యాల్సింది టీవీ అమ్మేటప్పుడు.

నెట్‌ఫ్లిక్స్‌లో సైన్ అవుట్ బటన్ దొరకని పాత టీవీలకి ఒక కిటుకు ఉంది. యాప్ తెరిచి రిమోట్ బాణాలతో పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, పైకి, పైకి, పైకి, పైకి నొక్కండి. సైన్ అవుట్, స్టార్ట్ ఓవర్, డీయాక్టివేట్ ఉన్న స్క్రీన్ వస్తుంది. నొక్కు నొక్కుకీ మధ్య ఎక్కువ ఆగకూడదు.

పెదవాల్తేరు_బీచ్‌రోడ్:
గోపాలపట్నం టీవీకి రిమోట్ టైపింగ్ అసలు అక్కర్లేదు. అక్కడ నెట్‌ఫ్లిక్స్ తెరిచి సైన్ ఇన్ నొక్కి, ఫోన్‌తో చేసే పద్ధతి ఎంచుకోమనండి. క్యూఆర్, దాంతోపాటు 8 అంకెల కోడ్ వస్తాయి. ఆ అంకెలు అమ్మగారు ఫోన్లో చదివి వినిపిస్తే చాలు. మీరు సీతమ్మధారలోనే కూర్చుని, లాగిన్ అయి ఉన్న మీ ఫోన్ బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ డాట్ కామ్ స్లాష్ టీవీ8 తెరిచి అవి కొట్టండి. కాసేపటికి ఆ టీవీ దానంతటదే తెరుచుకుంటుంది. ప్రైమ్‌కి కూడా ఇదే తీరు, పేజీ ప్రైమ్‌వీడియో డాట్ కామ్ స్లాష్ మైటీవీ. అందులో అంకెలతో పాటు అక్షరాలు కూడా ఉంటాయి, ఒకటికి రెండుసార్లు చదివించుకోండి. మెసేజ్ కంటే ఫోన్ కాల్‌లో ఉండగా చెయ్యడం మేలు. ఆలస్యమైతే కోడ్ మారిపోతుంది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. 2023 జూలై 20 నుంచి మన దేశంలో నెట్‌ఫ్లిక్స్ ఒక అకౌంటు ఒకే ఇంటికి అంటోంది. వేరే ఇంట్లో వేరే ఇంటర్నెట్ మీద ఉన్న టీవీ ఈ ఇంటిది కాదని ఆపేయవచ్చు. ప్రయాణంలో ఉన్నామని తాత్కాలిక కోడ్ అడగొచ్చు, వచ్చిన కోడ్‌ని 15 నిమిషాల్లోపు కొట్టాలి. అది ఊరెళ్లినప్పటి అవసరానికి. అమ్మావాళ్లు రోజూ చూసేటట్టయితే వాళ్లకి విడిగా చిన్న ప్లాన్ తీసుకోవడమే నయం. తీసుకునేటప్పుడు మొబైల్ ప్లాన్ మాత్రం వద్దు, అది టీవీలో ఆడదు.

షీలానగర్_ఎన్‌హెచ్16:
పాస్‌వర్డ్ కాకుండా ఫోన్ నంబరు, ఓటీపీతో నడిచే జియోహాట్‌స్టార్ లాంటి యాప్‌ల గురించి కూడా చెప్పండి. ఇంటాయన షిప్పు మీద ఉన్నప్పుడు ఓటీపీ ఆయన నంబరుకే పోతుంది. నెలల తరబడి సిగ్నల్ ఉండదు.

ఉక్కునగరం_సెక్టార్6:
మర్చంట్ నేవీ ఇళ్లన్నిటికీ ఉన్నదే ఇది. అలాంటి యాప్‌ల్లో నంబరే తాళం. అందుకని ఇంట్లో ఉండేవాళ్ల నంబరు మీదే సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలి. ఇప్పటికే ఆయన నంబరు మీద ఉంటే గడువు అయ్యేదాకా టీవీలో సైన్ అవుట్ చెయ్యకుండా ఉంచి, తర్వాత మీ నంబరు మీద కొత్తగా తీసుకోండి. నెట్‌ఫ్లిక్స్‌కి ఈ బాధ లేదు, అకౌంటులో మొబైల్ నంబరు మార్చుకోవచ్చు. ఓడ ఎక్కకముందే ఆ పని చేయించండి.

ఓటీపీ రాకపోవడానికి ఇంకో కారణం సిమ్ మార్చడం. పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకున్నా, ఈసిమ్‌కి (ఫోన్ లోపలే ఉండే సిమ్‌కి) మారినా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. మీ నంబరు ఇంకెవరో కాజేస్తే బ్యాంకు ఓటీపీలు వాళ్లకి పోకుండా పెట్టిన కట్టడి అది. ఆ రోజు ఎన్నిసార్లు రీసెండ్ నొక్కినా లాభం లేదు. మామూలు రోజుల్లో కూడా నాలుగైదుసార్లు రీసెండ్ నొక్కితే పనిచేసేది చివరి ఓటీపీ ఒక్కటే. ముందువి ఆలస్యంగా దిగుతాయి, అవి కొట్టి తప్పని చూపిస్తోందంటారు.

గాజువాక_టీవీ_సర్వీసు:
కొత్త పాస్‌వర్డ్ గురించి. రిమోట్‌తో కొట్టాల్సిన ఇళ్లలో గుర్తులు, పెద్దక్షరాలు కలిపి పెడితే నరకమే. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో వరసగా రాసి, చివర రెండంకెలు పెట్టండి. పొడుగే బలం. పిల్లల పేర్లు, బండి నంబరు వద్దు. నెట్‌ఫ్లిక్స్‌కి, అమెజాన్‌కి ఒకటే పాస్‌వర్డ్ అస్సలు వద్దు. అమెజాన్‌లో మీ కార్డులు, అడ్రసు ఉంటాయి.

ఫోన్లలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవి సైన్ అవుట్‌తో పోతాయని కూడా గుర్తుంచుకోండి. అరకు రైలెక్కే ముందు రోజు రాత్రి ఈ పని పెట్టుకోకండి, సొరంగాల్లో మళ్లీ దింపుకోవడం కుదరదు.

పెదవాల్తేరు_బీచ్‌రోడ్:
రుషికొండ, భీమిలి వైపు హోమ్‌స్టేల్లో టీవీలో లాగిన్ అయి అలాగే వదిలేసి వెళ్లిపోయేవాళ్లు ఎక్కువ. ఊరు చేరాక గుర్తొచ్చినా ఇబ్బంది లేదు. నెట్‌ఫ్లిక్స్ అకౌంటులో పరికరాల జాబితా తెరిచి ఆ ఒక్క టీవీనీ బయటికి పంపొచ్చు, పాస్‌వర్డ్ మార్చక్కర్లేదు.

సీతమ్మధార_530013:
మెయిల్, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ అయ్యాయి. గోపాలపట్నం టీవీ కోడ్‌తో తెరుచుకుంది, థాంక్సండి. హాల్లో టీవీ మాత్రం వైఫై ఉన్నా కనెక్ట్ కాలేకపోతున్నాం అంటోంది, కోడ్ స్క్రీన్ దాకా రావట్లేదు. ఇంకొకటి, కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికితే నాలుగు రకాలు వస్తున్నాయి.

ఉక్కునగరం_సెక్టార్6:
ఆ నాలుగింటికీ చెయ్యకండి. యాప్ లోపల హెల్ప్‌లో ఉన్న చాట్ గానీ కాల్ గానీ వాడండి. స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా, రీఫండ్ కోసం యూపీఐ పిన్ కొట్టమన్నా అది దొంగ ఫోనే. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి. ఆటోపే మీద అనుమానం ఉంటే మీ యూపీఐ యాప్‌లో మాండేట్ల (దానంతటదే డబ్బు కట్ అయ్యేలా ఇచ్చిన అనుమతుల) జాబితా చూడండి, అక్కడే రద్దు చెయ్యొచ్చు.

గాజువాక_టీవీ_సర్వీసు:
హాల్లో టీవీకి ముందు తేదీ, టైము చూడండి. కరెంటు పోయి వచ్చాక కొన్ని టీవీల గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే సైటు సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదని టీవీ అనుకుంటుంది, అందుకే వైఫై ఉన్నా లోపలికి పోదు. సెట్టింగ్స్‌లో టైము ఆటోమేటిక్‌గా పెట్టండి. ఆ తర్వాత రిమోట్‌తో ఆపకండి, అది నిద్రపోవడమే. ప్లగ్ పీకి, టీవీ మీదున్న పవర్ బటన్ 5 సెకన్లు నొక్కి పట్టుకుని, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. కోడ్ స్క్రీన్ అప్పటికీ రాకపోతే నెట్‌ఫ్లిక్స్ యాప్ అప్‌డేట్ ఏమైనా మిగిలి ఉందేమో చూడండి.