సీపాప్ పడలేదు, దవడ క్లిప్పు నాకు పనికొస్తుందా?

మాది విజయనగరం, నాకు 47 ఏళ్లు, 78 కిలోలు. మార్చిలో విశాఖలో స్లీప్ స్టడీ చేయిస్తే ఏహెచ్ఐ 21 వచ్చింది, అంటే గంటకు 21 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందన్నమాట. అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా (నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి ఆగే రకం), మధ్యస్థం అని రాశారు. వెల్లకిలా పడుకుంటే 34, పక్కకి తిరిగితే 9.

సీపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్) మూడు నెలలు వాడాను, ఆటో మోడ్‌లో పెట్టి, ప్రెజర్ 6 నుంచి 12. ముక్కు మాస్కు, తర్వాత మొహమంతా కప్పేది, గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫయర్ కూడా పెట్టి చూశాను, అయినా రాత్రి ఒంటిగంటన్నర అయ్యేసరికి నిద్రలో నా చేతులే దాన్ని పీకేస్తున్నాయి, తెల్లారి చూస్తే మంచం కింద ఉంటోంది. వెల్లకిలా తిరగకుండా బనియన్ వెనక జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టుకున్నాను (ఇంట్లో ఒకటే నవ్వులు). గురక తగ్గింది గానీ పగటి మత్తు పోలేదు, మొన్న శ్రీకాకుళం వెళ్తూ రణస్థలం దగ్గర కారు పక్కకి ఆపి కునుకు తీయాల్సి వచ్చింది.

సీపాప్ కుదరనివాళ్లకి కింది దవడని కొంచెం ముందుకు పట్టి ఉంచే క్లిప్పు ఉంటుందని, డెంటిస్టు అచ్చు తీసి చేస్తారని డాక్టరుగారు చెప్పారు. కానీ దానికి పట్టు దొరకాలంటే పళ్లు గట్టిగా ఉండాలట. నాకు కింద కుడివైపు రెండు దవడ పళ్లు లేవు, పైగా ఆవులిస్తే ఎడమ దవడ టక్కుమంటుంది, నొప్పి మాత్రం లేదు.

ఇలా పళ్లు లేకుండా, దవడ శబ్దం ఉండి క్లిప్పు వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా, మీకు అది నిలిచిందా?