గ్రూప్స్‌కు చదవడం వల్లే నిరుద్యోగమా?

లైబ్రరీ మెట్లు:
పండక్కి ఊరెళ్తే బాబాయ్ అందరి ముందూ అనేశాడు: "మీలాంటోళ్లు గ్రూప్స్ కోచింగ్ అంటూ హైదరాబాద్ అశోక్‌నగర్‌లో కూర్చోబట్టే నిరుద్యోగం. చేసేవాడికి పని లేదా?" నాకు మాట రాలేదు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో పడింది, 503 పోస్టులు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాం. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాస్తే, బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో కోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటికి. ఇందులో నా తప్పెంత?

కూకట్‌పల్లి కుర్రాడు:
తప్పు నీది కాదు గానీ, బాబాయ్ మాట తీసిపారేయలేం. ఆ 503 పోస్టులకు 3.8 లక్షల దరఖాస్తులు. వయోపరిమితి 44 చేశారు, తర్వాత 46. అందరూ వరం అంటున్నారు. నాకైతే నలభై దాటేదాకా ఆ గదిలోనే ఉండమన్నట్టుంది. ఏటా ఫలానా నెలలో పరీక్ష, ఫలానా నెలలో రిజల్ట్ అని తేల్చేస్తే చాలామంది ముప్పైలోపే వేరే దారి చూసుకుంటారు.

కరీంనగర్ అమ్మాయి:
ఏ దారి అన్నా? బీఎస్సీ అయ్యాక బట్టల షాపులో చేశా. నెలకు పన్నెండు వేలు. పొద్దున పదికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నరకు బయటికి. కస్టమర్ లేకున్నా కూర్చోకూడదు. పీఎఫ్ అడిగితే నవ్వారు. హాస్టల్‌కు ఆరు వేలు పోతే ఏం మిగులుతుంది? కేరళ, ఆ తర్వాత 2021లో తమిళనాడు, షాపుల్లో కూర్చునే హక్కుకు చట్టం తెచ్చాయి. నిరుద్యోగం తగ్గించాలనేవాళ్లు ముందు ఆ స్టూల్ వేయించండి.

పెనుకొండ ఫిట్టర్:
మా పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని ఆంధ్రలో 2019లో చట్టమూ చేశారు. (హర్యానాలో ఇలాంటిదే 2023లో హైకోర్టు కొట్టేసింది.) అయితే ఏం లాభం? నేను చదివిన ఐటీఐలో ఉన్నది ఒకే లేత్ (ఇనుము చెక్కే మెషిన్), దానికీ బెల్టు తెగి ఉండేది. రెండేళ్లు దాని బొమ్మ గీసి పాసయ్యా. ఇంటర్వ్యూలో వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) చేతికిచ్చి రీడింగ్ చెప్పమంటే చెమటలు పట్టాయి.

కూకట్‌పల్లి కుర్రాడు:
చెల్లీ, స్టూల్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ జీతాలు పెంచమంటే షాపువాడు మనుషుల్ని తీసేయడా?

కరీంనగర్ అమ్మాయి:
ఒక్క కస్టమర్‌కి నలభై చీరలు విప్పుతాం. మమ్మల్ని తీసేస్తే ఆయన మడతపెడతాడా?

లైబ్రరీ మెట్లు:
పెనుకొండ అన్నా, వెర్నియర్ తర్వాత నేర్చుకున్నావా?

పెనుకొండ ఫిట్టర్:
నేర్చుకున్నా. అనంతపురంలో ఒక లేత్ షాపులో, ఆర్నెల్లు జీతం లేకుండా.