జపాన్‌లో బయట భోజనం: టికెట్ మెషీన్, శాకాహారం గురించి

ప్రశ్న:
పది రోజులు టోక్యో, క్యోటో వెళ్తున్నాం. నలుగురం. నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు. మిగతా ముగ్గురం బీఫ్ తప్ప అన్నీ తింటాం. రామెన్ (వేడి రసంలో నూడుల్స్) షాపుల్లో టికెట్ మెషీన్ ఎలా వాడాలి? నాన్నగారికి సోబా నూడుల్స్, మిసో సూప్ ఇప్పిస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ. రెండింట్లోనూ చేప ఉంటుంది, కంటికి కనబడదు అంతే. కొంబు అనే సముద్రపు నాచు, కత్సువోబుషి అనే ఎండుచేప తురుము వేసి తీసే రసాన్ని దాషి అంటారు. మిసో సూప్, సోబా పులుసు, ఉడికించిన కూరగాయలు, తెంపురా (జపాన్ బజ్జీలు) ముంచుకునే రసం, అన్నిటికీ అదే ఆధారం. చల్లగా ఇచ్చే జారు సోబాలో నూడుల్స్ వరకు ఫర్వాలేదు, పక్కన చిన్న గిన్నెలో ముంచుకోవడానికి వచ్చే త్సుయు అనే రసంలోనే చేప ఉంటుంది. తెంపురా పిండిలో గుడ్డు కలుపుతారు.

"వెజిటేరియన్" అని చెబితే మాంసం ముక్కలు తీసేసి, రసం అలాగే ఉంచి ఇవ్వొచ్చు. అందుకే పేరు పెట్టి అడగండి: "కత్సువో దాషి హాయిత్తే ఇమాస్ కా?" (కత్సువో దాషి ఉందా?). "హాయ్" అంటే ఉందని. సుషీ షాపులో కప్పా మాకి అడగండి, అన్నంలో చుట్టిన దోసకాయ. టోక్యో స్టేషన్ గేట్ల లోపల టీస్ తాన్‌తాన్ అనే షాపులో రామెన్ పూర్తిగా వీగన్. క్యోటోలో షోజిన్ ర్యోరి అనే గుడి భోజనం తప్పక పెట్టించండి. రసం కొంబు, పుట్టగొడుగులతో తీస్తారు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. చాలాచోట్ల మధ్యాహ్నమే, ముందుగా బుక్ చేసుకోవాలి.

జవాబు 2:
మెషీన్ సంగతి. పాతవాటిలో ముందు డబ్బు వేయాలి, అప్పుడే ఆ డబ్బుకు వచ్చే వాటి బటన్లు వెలుగుతాయి. డబ్బు వేయకుండా ఎంత నొక్కినా పలకదు. పైన ఎడమ మూల బటన్ సాధారణంగా ఆ షాపు ముఖ్యమైన రామెన్. టికెట్ పడ్డాక చిల్లర దానంతటదే రాకపోతే "ఓత్సురి" మీట నొక్కాలి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు. టికెట్ కౌంటర్ మీద పెట్టి కూర్చోండి.

కొన్ని మెషీన్లు 1000 యెన్ నోటే తీసుకుంటాయి. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, మార్చని మెషీన్లు వాటిని వెనక్కి తోసేస్తాయి. పాత 1000 నోట్లు దొరికితే దాచుకోండి. హకాతా రామెన్ అనే రకంలో నూడుల్స్ మళ్లీ కావాలంటే "కాయెదామా" అనాలి, అందుకు గిన్నెలో రసం మిగలాలి. ముందే తాగేయకండి.

జవాబు 3:
బీఫ్ గురించి: "గ్యూ" అంటే బీఫ్, "బుతా" పంది, "తొరి" కోడి. "హంబాగు" అనే వంటకంలో తరచు బీఫ్, పంది కలిపే ఉంటాయి. జపాన్ కర్రీ పేరు కూరగాయల కర్రీ అయినా గ్రేవీలో బీఫ్ కొవ్వు ఉండొచ్చు, అది కూడా అడగాలి.

ఇజాకాయాలో (మందు, చిరుతిళ్లు దొరికే హోటల్) కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నెలో తినడానికి ఏదో పెడతారు. అది ఓతోషి, ఉచితం కాదు, మనిషికి సుమారు 300 నుంచి 500 యెన్. మెనూలో రెండు ధరలుంటే పెద్దది పన్నుతో కలిపింది. పన్ను కూర్చుని తింటే 10 శాతం, పార్సిల్‌కి 8 శాతం. టిప్ వద్దు, పెడితే వెంటబడి తిరిగి ఇస్తారు. బిల్లు కాగితం పట్టుకుని తలుపు దగ్గరి కౌంటర్‌లో కట్టాలి.

చాలా చిన్న హోటళ్లు మధ్యాహ్నం 2 తర్వాత మూసి సాయంత్రం 5కి తెరుస్తాయి. నాన్నగారి భోజనం 1 లోపే చూసుకోండి.